ఆ గడిలో ఎవరి పేరు? – ఆంగ్లంలో దగ్గరితనపు మాటలు

నేను మదరసాలో చదువు ముగించి, దస్తార్‌బందీ అయి, స్వగ్రామానికి తిరిగివచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇది. 1990ల నడిమి కాలం. కడప జిల్లాలోని మా పల్లెల నుండి యువకులు పని కోసం కువైట్ వెళ్ళడం అప్పటికే ఇంటింటి కథ. మా వీధిలో అరబీ చదువుకున్నవాడిని నేనొక్కడినే గనుక, గల్ఫ్‌కు సంబంధించిన కాగితం ఏది వచ్చినా “హజ్రత్‌కు చూపించండి” అంటూ నా ముందుకు తెచ్చేవారు. కాగితం మీద అరబీ ఉంటే నాకు దిగులు లేదు. ఆంగ్లం మాత్రమే ఉంటే, లోపలికి వెళ్ళి నిఘంటువు తిరగేసి, ఏమీ జరగనట్టు బయటికి వచ్చి అర్థం చెప్పేవాడిని. నాకు ఆంగ్లం రాదని చెప్పుకోవడానికి ఆ వయసులో అభిమానం అడ్డువచ్చేది.

ఒకనాడు మా వీధిలోని తాపీమేస్త్రీ ఒకరు కంపెనీ దరఖాస్తు పట్టుకొని వచ్చారు. నాకంటె పదేళ్ళు పెద్ద. ‘భాయ్’ అని పిలిచేవాడిని. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు – ఇవన్నీ సులువుగానే నింపాను. అటు తరువాత ఒక గడి వచ్చింది: ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’. ‘కిన్’ అంటే బంధువులని నిఘంటువు చెప్పింది. ‘నెక్స్ట్’ సంగతి నిఘంటువును అడగవలసిన అవసరమే నాకు కనబడలేదు. బస్సులో ‘నెక్స్ట్ స్టాప్’, ఆసుపత్రిలో ‘నెక్స్ట్ పేషెంట్’ – నెక్స్ట్ అంటే తరువాత అని పసిపిల్లలకు కూడా తెలుసు కదా! తండ్రి పేరు పై గడిలో అడిగేశారు. కాబట్టి ఇప్పుడు బంధువుల తరువాతివాడు ఎవరో అడుగుతున్నారని నిర్ణయించుకున్నాను. మంతిఖ్ చదివి వచ్చినవాడిని, తర్కానికి లోటు లేదు. బంధువుల తరువాత మనిషికి ఎవరు? పొరుగువాడే. పైగా ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి టెలిఫోన్ ఉన్నది ఆయన పక్కింటి కిరాణా కొట్టులోనే. ఆ కొట్టు యజమాని పేరు, ఫోను నంబరు ఆ గడిలో అందంగా వ్రాసి, భాయ్ చేత సంతకం చేయించి పంపాను.

ఏడాది తిరిగిందో లేదో, ఆయన పని చేస్తున్న చోట పరంజా మీద నుండి పడిపోయారు. తొడ ఎముక విరిగింది. కంపెనీవారు దరఖాస్తు తీసి, ఆ గడిలో ఉన్న నంబరుకు ఫోను చేశారు. కొట్టు యజమాని కూతురి పెళ్ళి పనుల మీద కుటుంబంతో సహా బెంగళూరు వెళ్ళి ఉన్నాడు. తాళం వేసిన కొట్టులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. పదకొండో రోజున, సెలవు మీద పక్క ఊరికి వచ్చిన తోటి కార్మికుడు చెబితేగాని ఆయన భార్యకు సంగతి తెలియలేదు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ఆయనకు రావలసిన సొమ్ము గురించిన ఉత్తరాలన్నీ ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’ పేరిట, అంటే కిరాణా కొట్టు యజమాని పేరిట రాసాగాయి. ఆయన మంచివాడు, ఒక్క కాగితమైనా దాచలేదు. అయినా, తాను ఇతనికి బంధువును కానని ఆయన వ్రాసి ఇవ్వడానికి, దాని స్థానంలో భార్య పేరు చేర్పించడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో నాకు తెలుసు. ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నేను ఆంగ్లం నేర్చుకోవడం మొదలుపెట్టింది ఆ గడి వల్లనే. ఇప్పుడు మా మదరసాలో పై తరగతుల పిల్లలకు అసర్ నమాజు తరువాత గంటసేపు ఆంగ్లం చెబుతున్నాను. మిగతా పాఠాలు అనుకున్న రోజులలో ముగుస్తాయి. దగ్గరితనాన్ని తెలిపే మాటల వద్దకు వచ్చేసరికి మాత్రం ఒక రోజు పాఠం నాలుగు రోజులవుతుంది. నేనే కావాలని సాగదీస్తాననుకోండి.

ఒక తల్లి బిడ్డలు

‘నెక్స్ట్’ అనే మాటకు మూలార్థం తరువాత అని కాదు. అందరికంటె దగ్గర అని. ప్రాచీన ఆంగ్లంలో దగ్గర, మరింత దగ్గర, అన్నిటికంటె దగ్గర అనే మూడు మెట్లు ఉండేవి. నేటి ఉచ్చారణలో చెప్పాలంటే అవి వరుసగా ‘నై’, ‘నియర్’, ‘నెక్స్ట్’. అరబీ వ్యాకరణం చదివినవారికి ఖరీబ్, అఖ్రబ్ గుర్తుకు వస్తాయి, ఆ మాదిరిదే. కాలక్రమంలో ‘నై’ మూలబడింది. ఇప్పుడది పాత కవిత్వంలోను, ‘వెల్‌నై’ వంటి ఒకటి రెండు మాటలలోను మాత్రమే కనబడుతుంది. అది ఖాళీ చేసిన మొదటి మెట్టుకు రెండో మెట్టు మీది ‘నియర్’ దిగివచ్చింది. ఇక మెట్లు తక్కువయ్యాయి గనుక దానికి ‘నియరర్’, ‘నియరెస్ట్’ అని కొత్తవి కట్టుకున్నారు. అంటే చరిత్ర లెక్కన ‘నియరర్’ అనేవారు ఒకే అర్థాన్ని రెండుసార్లు చెబుతున్నారన్న మాట. మనం నడి, మధ్య అనే రెండు మాటలను అతికించి ‘నడిమధ్య’ అనడం లేదా? అటువంటిదే.

మూడో మెట్టు మీది ‘నెక్స్ట్’ మెల్లగా వరుసలోకి వెళ్ళిపోయింది. వరుసలో మనకు అన్నిటికంటె దగ్గరగా ఉన్నది మన వెంటనే వచ్చేదే కదా! బస్సులో ‘నెక్స్ట్ స్టాప్’ అన్నా నిజానికి అన్నిటికంటె దగ్గరి స్టాపే. అలా ‘తరువాత’ అనే అర్థం స్థిరపడి, పాత అర్థం జనసామాన్యానికి మరుగైపోయింది. అయితే న్యాయస్థానాల భాష, దఫ్తరుల భాష పాత సామాను అంత తొందరగా పారవేయదు. ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’ అనే పదబంధంలో ఆ పాత అర్థమే నేటికీ కూర్చొని ఉంది: బంధువులందరిలోకి దగ్గరివారు. భర్తకు భార్య, భార్యకు భర్త, పెళ్ళి కానివారికి తల్లిదండ్రులు – సాధారణంగా ఆ గడి అడిగేది వీరినే.

ఇక నన్ను ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి. ‘నైబర్’ అనే మాటలో మొదటి సగం కూడా ఈ ‘నై’ నే. దగ్గరలో కాపురమున్న రైతు అని దాని ప్రాచీనార్థం. అందులోని రెండో సగానికి డచ్చి భాషలో రైతును పిలిచే ‘బూర్’ అనే మాటతో చుట్టరికం ఉంది. నేను ‘నెక్స్ట్’ అడిగిన గడిలో ‘నైబర్’ పేరు వ్రాశాను. రెండూ ఒక తల్లి బిడ్డలు! సరైన వేరునే పట్టుకొని తప్పు కొమ్మ ఎక్కానని తెలిసిన రోజున నవ్వాలో ఏడవాలో నాకు తోచలేదు.

ఇల్లాళ్ళకు, గల్ఫ్‌లో ఉన్న సోదరులకు ఇక్కడ ఒక మాట చెప్పడం అవసరం. దరఖాస్తులలో మూడు వేర్వేరు గడులు వస్తాయి. ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’ అంటే పైన చెప్పినట్టు దగ్గరి బంధువు. ‘ఎమర్జెన్సీ కాంటాక్ట్’ అంటే ఆపద వేళ ఎవరికి ఫోను చేయాలో ఆ వ్యక్తి; బంధువే కానక్కరలేదు, ఫోను తప్పక ఎత్తేవారైతే చాలు. ‘నామినీ’ అంటే సొమ్మును అందుకోవడానికి మీరు పేరు చెప్పి నియమించే వ్యక్తి. ఒక గడిలో పేరున్నంత మాత్రాన ఆ వ్యక్తి మొత్తం ఆస్తికి వారసుడైపోడు; వారసత్వపు లెక్క వేరు. మూడింటిలోను ఒకే పేరు వ్రాయవచ్చు. కాని దేనిలో ఏది అడుగుతున్నారో తెలిసి వ్రాయాలి.

‘నియర్ మి’ పుస్తకం

మదరసాలో అడుగుపెట్టిన పిల్లవాడు మొదటి సంవత్సరంలోనే ‘ఇందీ కితాబున్’ అని నేర్చుకుంటాడు. నా వద్ద ఒక పుస్తకం ఉంది అని అర్థం. ఇంట్లో వాడు ఉర్దూలో ‘మేరే పాస్ కితాబ్ హై’ అంటాడు. వీధిలో తెలుగులో ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అంటాడు. మూడు భాషలు మూడు వైపుల నుండి వచ్చి ఒకే సాక్ష్యం చెబుతున్నప్పుడు పిల్లవాడు నాలుగో భాషను అనుమానిస్తాడా? పలక మీద ధైర్యంగా ‘నియర్ మి వన్ బుక్ ఈజ్ దేర్’ అని వ్రాస్తాడు.

వాడిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. మన మూడు భాషలూ కలిగి ఉండడాన్ని దగ్గర ఉండడంగా చూస్తాయి. ఆంగ్లం అలా చూడదు; దానికి ‘హావ్’ అని వేరే క్రియ ఉంది. ‘నియర్ మి’ అంటే పుస్తకం నాకు జానెడు దూరంలో పడి ఉన్నదని మాత్రమే వారికి తెలుస్తుంది. అది ఎవరిదో తెలియదు.

తెలుగు ‘దగ్గర’ చేసే చాకిరీ ఇంతటితో ఆగదు. ‘డాక్టరు దగ్గరికి వెళ్ళాను’ అంటాం. దానిని ‘ఐ వెంట్ నియర్ ది డాక్టర్’ అని మారిస్తే, డాక్టరుకు కాస్త దూరంలో నిలబడి తిరిగి వచ్చామని అర్థం! అక్కడ ‘టు’ రావాలి. ‘అన్న దగ్గర ఉంటున్నాను’ అంటే ‘విత్’. ‘అతని దగ్గర అప్పు తీసుకున్నాను’ అంటే ‘ఫ్రమ్’. ‘హజ్రత్ దగ్గర చదువుకున్నాను’ అంటే ‘అండర్’. ఇక మసీదు దగ్గర మా ఇల్లు ఉందన్నప్పుడు, అప్పుడు మాత్రమే, ‘నియర్’. ఆ ఒక్క మాట వెనుక ఆంగ్లంలో ఆరు మాటలు నిలబడి ఉన్నాయి. ఈ సంగతి నల్లబల్ల మీద వ్రాసిన రోజున ఒక పిల్లవాడు లేచి, “హజ్రత్, ఫోనులో మెడికల్ షాపు వెతికేటప్పుడు ‘నియర్ మి’ అనే కొడతారు కదా?” అని అడిగాడు. నిజమే. అక్కడ అడుగుతున్నది దూరం గురించి గనుక అది సరైనదే. మన అలవాటు పొరపాటు కాని చోటు అదొక్కటి ఉన్నందుకు తరగతి అంతా సంతోషించింది.

అయితే ఆంగ్లం ముందు మన భాషలను తక్కువ చేసి చూడకూడదు. అరబీ వ్యాకరణ పండితులు ‘ఇంద’కు, ‘లదా’కు నడుమ ఒక సూక్ష్మమైన భేదం చెప్పారు. నా సొమ్ము ఎక్కడో దూరాన పెట్టెలో ఉన్నా ‘ఇందీ మాలున్’ అనవచ్చు. ‘లదయ్య మాలున్’ అనాలంటే సొమ్ము ఇక్కడ, ఇప్పుడు, నా చేతికి అందేలా ఉండాలి. తెలుగు కూడా మరో విధంగా ఈ పని చేస్తుంది. ‘నా దగ్గర వంద రూపాయలున్నాయి’ అంటాం గాని, ‘నా దగ్గర ఇద్దరు కొడుకులున్నారు’ అంటే వినేవారు మరొకటి అనుకుంటారు: ముగ్గురో నలుగురో కొడుకులుండి, ఇద్దరు మాత్రమే తండ్రి వద్ద ఉంటున్నారని. బిడ్డల విషయంలో, పొలం విషయంలో ‘నాకు’ అంటాం. ఆంగ్లంలోని ‘హావ్’కు ఈ వివేకం లేదు, వంద రూపాయలకు, కొడుకులకు, జ్వరానికి, పొలానికి అన్నిటికీ అదే.

దగ్గరితనం అనేది చోటుకు సంబంధించినదా, రక్తానికి సంబంధించినదా అనే ప్రశ్న నా ఒక్కడి తికమక కాదని తరువాత గ్రహించాను. దివ్య ఖుర్ఆన్ అన్‌నిసా సూరా 36వ వాక్యంలో సత్ప్రవర్తనకు అర్హులైనవారిని పేర్కొంటున్నప్పుడు పొరుగువారిలో దగ్గరివారిని, పరాయివారిని వేరువేరుగా చెప్పి, ఆ వెంటనే ప్రక్కనున్న సహచరుణ్ణి ప్రస్తావించడం జరిగింది. అక్కడి ‘ఖుర్బా’ అనే మాటకు బంధుత్వం ఉన్న పొరుగువాడని కొందరు వ్యాఖ్యాతలు, ఇల్లు దగ్గరగా ఉన్న పొరుగువాడని మరికొందరు అర్థం చెప్పారు. ప్రక్కనున్న సహచరుడంటే ప్రయాణంలో తోడున్నవాడని ఒక మాట, జీవిత భాగస్వామి అని మరొక మాట. ఖరీబ్, ఖరాబత్, అఖారిబ్ అన్నీ ఒకే ధాతువు నుండి వచ్చినవి. దూరాన్ని కొలిచే మాటతోనే చుట్టరికాన్నీ కొలిచారు. మన పెళ్ళి రుఖాలలో ‘అజీజ్ ఒ అఖారిబ్’ అని అచ్చువేసేది ఈ అఖారిబ్‌నే. దీనిని ఐన్ అక్షరంతో మొదలుపెడితే తేళ్ళు అని అర్థం! తెలుగు లిపిలో రెండూ ఒకే విధంగా కనబడతాయి గనుక నేను ఇక ముందుకు పోతాను.

తలుపు మూసిన స్నేహితుడు

‘వాళ్ళిద్దరూ చాలా క్లోజ్’ అని మన ఇళ్ళలో రోజుకు పదిసార్లు వినబడుతుంది. ఇది తెలుగు మాటే అయిపోయింది గనుక మనలో మనం అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఆంగ్లంలో మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్తపడాలి. దగ్గర అనే అర్థంలో దాని చివర ‘స్’ పలకాలి: ‘క్లోస్’. చివర ‘జ్’ పలికితే తలుపు మూయడం, దుకాణం మూయడం. వ్రాతలో రెండింటికీ ఒకే అక్షరాలు. నోటిలో మాత్రమే వేరవుతాయి. ‘క్లోజ్ ఫ్రెండ్’ అన్నప్పుడు ఆంగ్లేయుడి చెవికి మూసివేసిన స్నేహితుడు వినబడతాడు.

నిజానికి ఈ రెండూ మూలంలో ఒక్కటే. లాటిన్‌లో మూసినది అనే అర్థమున్న మాట ఫ్రెంచి మీదుగా ఆంగ్లానికి వచ్చింది. రెండు పలకల నడుమ సందు మూసుకుపోతే అవి దగ్గరైనట్టే కదా! ‘నియర్’ ఎంత దూరమో చెబుతుంది. ‘క్లోస్’ నడుమ సందు లేదని చెబుతుంది. అందుకే స్నేహానికి ‘క్లోస్ ఫ్రెండ్’ అంటారు గాని ‘నియర్ ఫ్రెండ్’ అనరు. కనిపెట్టి చూడడం ‘క్లోస్ వాచ్’. రాబోయే కాలం మాత్రం ‘నియర్ ఫ్యూచర్’. దానికీ మనకూ నడుమ ఎంతో కొంత దూరం ఉండనే ఉంది. బంధువుల విషయంలో రెండూ చెల్లుతాయి. ఆహ్వాన పత్రికల చివర మనవాళ్ళు అచ్చువేయించే ‘నియర్ అండ్ డియర్’ లోని నియర్ బంధుత్వమే.

ఇంకొక చిన్న నియమం. ‘క్లోస్’ వెంట ‘టు’ వస్తుంది. ‘నియర్’ వెంట సాధారణంగా రాదు. తెలుగులో ‘ఇంటికి దగ్గర’ అని ‘కి’ చేర్చే అలవాటు వల్ల మన పిల్లలు ‘నియర్ టు మై హౌస్’ అని వ్రాస్తారు. ‘నియర్ మై హౌస్’ చాలు.

‘బిసైడ్’ అంటే ప్రక్కన. చివర ఒక ‘స్’ చేరితే ‘అంతేగాక’. దీనికి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

పొలాల దస్తావేజులు చూసే అలవాటు ఉన్నవారికి ‘అడ్జసెంట్’, ‘అడ్జాయినింగ్’ పరిచయమే. అడ్జాయినింగ్ అంటే ఆనుకొని ఉన్నది, గట్టు ఒకటే. అడ్జసెంట్ అంటే ప్రక్కగా పడి ఉన్నదని లాటిన్ మూలార్థం. తప్పనిసరిగా తాకాలని లేదు, నడుమ బాట ఉండవచ్చు. హద్దుల వద్ద తగాదాలు ఎలా మొదలవుతాయో పల్లెలో పెరిగినవారికి వివరించనక్కరలేదు. ‘విసినిటీ’ లోపల పేట, పల్లె అనే అర్థమున్న లాటిన్ మాట ఉంది. కాబట్టి అది ఒక ఇంటి ప్రక్క కాదు, ఆ చుట్టుపట్టు ప్రాంతమంతా.

ఒకే మాట, రెండు మర్యాదలు

మన దేశంలో ఆంగ్లం చదివినవారు సెలవు చీటీలలో తప్పకుండా వాడే మాట ‘ఇంటిమేట్’. ‘సంగతి తెలియజేయగలరు’ అనేందుకు ‘కైండ్లీ ఇంటిమేట్’ అంటారు. క్రియగా అది సరైనదే, చివరి భాగాన్ని ‘మేట్’ అని సాగదీసి పలకాలి. విశేషణంగా పలికేటప్పుడు ‘ఇంటిమిట్’ అని కుదించాలి. అప్పుడది అత్యంత సన్నిహితం అనే మాట. లాటిన్‌లో అన్నిటికంటె లోపలిది అని దాని అర్థం. ఇది కూడా మూడో మెట్టు మాటే. దగ్గరితనం ఇల్లు దాటి, గది దాటి మనసు లోపలికి వెళ్ళిందన్న మాట. ఈ కాలపు ఆంగ్లంలో ఆ మాట ఎక్కువగా భార్యాభర్తల ఏకాంతాన్నే స్ఫురింపజేస్తుంది. ఒక విద్యార్థి తన గురువును పరిచయం చేస్తూ ‘హి ఈజ్ మై ఇంటిమేట్ టీచర్’ అని వ్రాసుకొని వచ్చాడు. వాడి మనసులో ఉన్నది ‘ఖరీబీ ఉస్తాద్’. ఆ కాగితం మరెవరికీ చూపవద్దని చెప్పి, ‘క్లోస్ టు మి’ అని దిద్ది ఇచ్చాను.

లెక్కల విషయంలో నాలుగు భాషలూ ఒక్క త్రోవనే నడిచాయి. ఉర్దూలో ‘తఖ్రీబన్’ అంటాం. అది ఖుర్బ్ నుండి వచ్చింది. ఆంగ్లంలో ‘అప్రాక్సిమేట్లీ’, అది లాటిన్‌లో అత్యంత సమీపం అనే మాట నుండి వచ్చింది. తెలుగులో ‘దగ్గర దగ్గర వందమంది’. అంతవరకు బాగానే ఉంది. ‘నియర్లీ’ వద్ద మాత్రం త్రోవ చీలుతుంది. మన ‘దగ్గర దగ్గర వందమంది’ తొంభై ఏడుగురు కావచ్చు, నూటముగ్గురు కావచ్చు. ఎవరూ తగాదా పెట్టుకోరు. ‘నియర్లీ హండ్రెడ్’ అంటే వంద ఇంకా కాలేదు. అటూ ఇటూ కావాలంటే ‘అబౌట్’ అనాలి. వసతి గృహంలో 53 మంది పిల్లలుంటే, మా గుమాస్తా ఒకసారి ఆంగ్ల ఉత్తరంలో ‘నియర్లీ ఫిఫ్టీ’ అని వ్రాశాడు. బియ్యం ఇచ్చే దాత యాభైకి లోపే లెక్క కట్టి పంపారు. తప్పు ఆయనది కాదు.

కాలం విషయంలో ‘నెక్స్ట్’ మళ్ళీ వచ్చి ఇబ్బంది పెడుతుంది. బుధవారం నాడు ఎవరైనా ‘నెక్స్ట్ ఫ్రైడే’ అంటే ఎల్లుండి జుమా అని కొందరు, దాని తరువాతి జుమా అని మరికొందరు గ్రహిస్తారు. ఇందులో ఆంగ్లేయులకే ఏకాభిప్రాయం లేదు. మా బంధువుల ఇంట అమెరికా నుండి వచ్చే అల్లుడి కోసం ఒక వారం ముందే పొట్టేలును కోసి దావత్ సిద్ధం చేశారు. అల్లుడు లేకుండానే దావత్ జరిగింది, వీధివాళ్ళు తిన్నారు. అతడు వచ్చిన నాడు పప్పు చారు. ఇటువంటి చోట మాటను నమ్ముకోకుండా తేదీ వ్రాయడం ఉత్తమం.

మా మేస్త్రీ భాయ్‌కు ఇప్పుడు అరవై దాటి చాలా కాలమైంది. కుడికాలు కొద్దిగా ఈడ్చి నడుస్తారు. నమాజులో మొదటి వరుస చివర, గోడ ప్రక్కన, కుర్చీ వేసుకుంటారు. పోయిన సంవత్సరం ఆయన చిన్న కుమారుడు ఖతర్ ప్రయాణమై, ఒక దరఖాస్తు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. భాయ్ కూడా వెంట వచ్చారు. ఈసారి నేను కలం ముట్టుకోలేదు. కుర్రవాడు డిగ్రీ చదివినవాడు, తానే నింపుకున్నాడు. ‘నెక్స్ట్ ఆఫ్ కిన్’ గడి వచ్చేసరికి నా చేతులు వాటంతట అవే ముడుచుకున్నాయి.

“ఎవరి పేరు వ్రాశావు బేటా?” అని అడిగాను.

“అమ్మీ పేరు, హజ్రత్. పెళ్ళయ్యాక మారుస్తాను.”

భాయ్ ఆ కాగితం వైపు చూడనైనా లేదు. కాసేపటికి, “కింద ఇంకొక గడి ఉందన్నావే, ఫోను నంబరుది, దానిలో ఎవరిది వ్రాశావు?” అని కొడుకును అడిగారు.

“ఇంకా వ్రాయలేదు అబ్బా. మీది వ్రాయనా?”

“నాకు ఫోను మోగినా వినబడదు. పక్కింటి కొట్టువాళ్ళ అబ్బాయిది వ్రాయి. వాళ్ళ నాన్న పోయినప్పటి నుండి ఆ కుర్రాడు కొట్టు ఒక్క రోజైనా మూయలేదు.”

కుర్రవాడు నా వైపు చూశాడు. వ్రాయమని తల ఊపాను.